సందు దొరికిన చోట

గత నెల ఒక ఆదివారం పొద్దున ఏడు గంటలకు మొజంజాహీ మార్కెట్ గడియారం కింద ఇరవై మందిమి గుమిగూడాము. కవులు, చిత్రకారులు, పాత్రికేయులు తిరిగిన హైదరాబాదును కాలినడకన చూపిస్తామని ఒక బృందం ప్రకటించింది; మనిషికి ఆరు వందల రూపాయలు, అందులోనే ఒక నీళ్ల సీసా, ఒక గుడ్డ సంచి. మార్కెట్ దగ్గర మొదలై, నాంపల్లి స్టేషన్ రోడ్డులో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్, ఆబిడ్స్ చౌరస్తా, తిలక్ రోడ్డు, సుల్తాన్ బజార్ మీదుగా కోఠీలోని రెసిడెన్సీ భవనం దాకా రెండున్నర గంటల దారి. నడిపించిన కుర్రవాడు చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, నేను విన్నంతలో ఒక్క తేదీ కూడా తప్పు చెప్పలేదు. మార్కెట్‌ను 1935లో గ్రానైటుతో కట్టారని, గోల్డెన్ థ్రెషోల్డ్ అన్న పేరు 1905లో వచ్చిన సరోజిని కవితా సంపుటిదని, హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఆ ఇంట్లోనే మొదలైందని, అన్నీ సరిగ్గానే చెప్పాడు. చివరన చప్పట్లు కొట్టి, ఫొటోలు దిగి, ఎవరి దారిన వాళ్లం విడిపోయాము. కోఠీ బస్టాపులో కాసేపు కూర్చుందామని బల్ల కోసం వెతుకుతుంటే నాకు తట్టింది: కవులు కూర్చున్న చోట్లను చూడడానికి వెళ్లి, రెండున్నర గంటల్లో మేము ఒక్క చోట కూడా కూర్చోలేదు.

నా ఫిర్యాదు మోకాళ్ల నొప్పి గురించి అనుకోకండి, అది కూడా కొంత ఉన్నప్పటికీ. ఇలాంటి నడకలు గోడల చుట్టూ తిరుగుతాయి, కమానులను, కిటికీ రెక్కలను, సున్నపు పనితనాన్ని చూపిస్తాయి, "ఇక్కడ ఫలానావారు ఉండేవారు" అన్న మాట దగ్గర ఆగిపోతాయి. ఇంత పెద్ద ఊరు వదిలిపెట్టి ఆ ఫలానావారు ఇక్కడికే ఎందుకు చేరారన్నది ఎవరూ అడగరు. అక్కడి గాలిలోనో నీళ్లలోనో ఏదో మహిమ ఉందన్నట్టు వదిలేస్తారు. నేను చూసినంతలో, చదివినంతలో, కళాకారుల పేట అనేది ఎక్కడైనా సందు దొరికిన చోటే పుడుతుంది. సందు అంటే ఇరుకు వీధి అని ఒక అర్థం, సందు అంటే వెసులుబాటు అని ఇంకొక అర్థం. సుల్తాన్ బజార్‌లో ఈ రెండర్థాలూ ఒకే చోట కలుస్తాయి.

బడీచౌడీ వైపు నుంచి లోపలికి వెళితే ఇవాళ కనిపించేవి చీరలు, గాజులు, జాకెట్ గుడ్డలు, వాటి నెత్తిన 2020లో మొదలైన మెట్రో దారి. ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు రెసిడెన్సీ బజార్లు అనేవారు. పక్కనే ఉన్న రెసిడెన్సీలో రెసిడెంటు అనే బ్రిటిషు ప్రతినిధి ఉండేవాడు కనుక, ఆ భవనం చుట్టూ పెరిగిన అంగళ్ల మీద అధికారం కూడా ఆయనదే. 1933లో తిరిగి అప్పగించేదాకా నిజాం పోలీసుకు గాని న్యాయస్థానానికి గాని అక్కడ చెల్లుబాటు లేదు. ఒక అడుగు ఇవతల నిజాం రాజ్యం, ఒక అడుగు అవతల తెల్లదొర పెత్తనం. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాల్సిన రాజ్యంలో, రాజభాష ఉర్దూ అయి జనంలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే రాజ్యంలో, ఆ ఒక్క అడుగు ఎంత విలువైనదో ఊహించవచ్చు. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పింది ఈ బజార్లోనే, రావిచెట్టువారి ఇంట్లోనే. హైదరాబాదు రాజ్యంలో తెలుగు గ్రంథాలయోద్యమానికి మొదటి మెట్టు అదే.

ఆ గ్రంథాలయం ముందు మా మార్గదర్శి రెండు నిమిషాలు నిలబెట్టాడు, స్థాపించిన సంవత్సరం చెప్పాడు, పెద్దల పేర్లు చెప్పాడు. ఆ పెద్దలు ఆ బజార్‌నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పలేదు. అది చెప్పకపోతే మిగిలేది ఒక పాత భవనం మాత్రమే. రెసిడెంటుకు తెలుగు మీద ప్రేమ ఏమీ లేదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన తెలుగును ఆదరించలేదు, పట్టించుకోలేదు, అంతే. ఆదరణ ఉన్న చోట దర్బారు కవులు పుడతారు; పట్టించుకోని చోట గ్రంథాలయాలు, అచ్చు యంత్రాలు, వాదోపవాదాలు పుడతాయి. 1906లో తెలుగు పుస్తకాలు అచ్చేసే విజ్ఞాన చంద్రికా మండలి ఈ ఊళ్లోనే మొదలై, రెండేళ్లకే మద్రాసుకు తరలిపోయింది. మద్రాసులో సందు ఇంకా వెడల్పు.

అయితే సందు దొరికినంత మాత్రాన అందరూ స్వాగతం పలికారని కాదు. 1921 నవంబరులో, ఆ పక్కనే ఉన్న వివేకవర్ధని నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుతుంటే, ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోయారు. సభలో ఈలలు, చప్పట్లు, ఎగతాళి. నవ్వినవాళ్లు నిజాం సిపాయిలు కారు. చదువుకున్నవాళ్లు, సంస్కరణ కోరి వచ్చినవాళ్లు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. ఆ తరువాత 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ పత్రిక పెట్టడం, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచిక తేవడం, 1943లో సారస్వత పరిషత్తు ఏర్పడడం, అన్నీ ఈ నాలుగు వీధుల చుట్టుపక్కల నడిచిన కథలే. పరిషత్తు తిలక్ రోడ్డులో ఇప్పటికీ ఉంది. అక్కడి దేవులపల్లి రామానుజరావు కళామందిరంలో పుస్తకావిష్కరణ సభలు ఇప్పటికీ జరుగుతాయి, చివరి వక్త వచ్చేసరికి వెనక వరుసలు ఖాళీ అవడం కూడా ఇప్పటికీ ఉంది.

ప్యారిస్‌లోని మోంమార్త్ర కొండ గురించి చదివినప్పుడు నాకు ఇదే కథ మళ్లీ కనిపించింది. 1860లో ప్యారిస్‌లో కలిపేదాకా ఆ కొండ నగరం సుంకపు గోడకు బయట ఉండేది. గోడ దాటిన సారాయికి సుంకం లేదు, అందుకని చవక. అందుకని తాగేవాళ్లు, పాడేవాళ్లు, ఆడేవాళ్లు అక్కడికి చేరారు. తరువాత సుంకం వచ్చినా అద్దెలు చవకగానే ఉండడంతో చిత్రకారులు వచ్చారు. 1907లో పికాసో తన అవిన్యోన్ స్త్రీల చిత్రాన్ని వేసిన బాతో లావ్వార్ అనే కొట్టం లాంటి భవనంలో అందరికీ కలిపి ఒకే నీటి కుళాయి. 1970లో అది కాలిపోయింది, మళ్లీ కట్టారు, ఇప్పుడు దాని ముందు కూడా మాలాంటి గుంపులు నిలబడతాయి. కొండ కొనమీది చౌకులో మన ముఖం బొమ్మ గీసిపెడతామని వెంటపడేవాళ్లు ఉంటారట. సుంకపు గోడ సంగతి ఆ గుంపులకు చెప్పేవారున్నారో లేదో గాని, నాకు మాత్రం మోంమార్త్ర అంటే ముందు ఆ గోడే గుర్తుకొస్తుంది.

హైదరాబాదులో రెండవ సందు చాయ్ హోటలు. దీన్ని సరిగా అర్థం చేసుకోవాలంటే ముందు దర్బారును చూడాలి. మేము నడక మొదలుపెట్టిన మార్కెట్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ మొజంజా ఏడవ నిజాం రెండవ కొడుకు. ఉర్దూలో కవిత్వం రాసేవాడు, హిల్‌ఫోర్ట్ భవనంలో రాత్రిళ్లు కవులను పిలిపించి కూర్చోబెట్టుకునేవాడు. యువరాజు లేచేదాకా ఎవరూ లేవకూడదు, అది దర్బారు మర్యాద. ఇప్పుడు దీనికి ఎదురుగా ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలును పెట్టండి. మఖ్దూం మొహియుద్దీన్ మొదలుకొని ఉర్దూ కవులు, చిత్రకారులు, విలేకరులు, రాజకీయాల్లో తిరిగేవాళ్లు అక్కడ చేరేవారు. మఖ్దూం సంగతి తెలిసిందే: 1908లో అందోలులో పుట్టి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలి, కమ్యూనిస్టు పార్టీలో కార్మిక సంఘాలు నడిపి, అజ్ఞాతవాసం, జైలు అన్నీ చూసి, 1969లో పోయాడు. అలాంటివాడికి హిల్‌ఫోర్ట్‌లో చోటు ఎక్కడ? హోటల్లో ఒక చాయ్ ఖరీదుకు చోటు దొరికింది. దర్బారులో కవి లేవడానికి వీల్లేదు, హోటల్లో కవిని లేపడానికి మనసొప్పదు. ఆ హోటలు ఇప్పుడు లేదు. మా మార్గదర్శి ఆబిడ్స్ చౌరస్తాలో చెయ్యెత్తి "అటువైపు ఉండేది" అన్నాడు. అందరం అటు చూశాము. అటు బట్టల దుకాణాల బోర్డులు ఉన్నాయి.

లేపడానికి మనసొప్పదన్న మాట మా పెద్దనాన్న నుంచి నేర్చుకున్నది. ఆయన ట్రూప్ బజార్ దగ్గర ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. ప్రెస్సులో దీపం చాలదని, ట్రెడిల్ మిషన్ చప్పుడుకు తలనొప్పి వస్తుందని, గాలీ ప్రూఫులు చుట్టగా చుట్టుకొని మూలమీది ఇరానీ హోటలుకు వచ్చేవారు. సెలవుల్లో ఊరి నుంచి వచ్చినప్పుడు రెండు మూడు సార్లు నన్నూ తీసుకెళ్లారు. చలువరాతి బల్ల మీద ఆ పొడుగాటి కాగితాన్ని పరిచి, ఒక కొసన ఉప్పు డబ్బా, ఇంకొక కొసన గాజుగ్లాసు బరువు పెట్టి, ఎర్ర సిరా కలంతో అంచున గీతలు గీసేవారు. అక్షరం తలకిందులుగా పడితే ఒక గుర్తు, ఒత్తు ఎగిరిపోతే ఒక గుర్తు. పౌనా చాయ్ ఒకటి చెప్పి, దాన్నే వన్ బై టూ చేయించి, నాకు సాసర్లో పోసి ఇచ్చేవారు, ఒక ఉస్మానియా బిస్కట్టుతో. సాసరు ఎత్తినప్పుడు ప్రూఫు మీద గుండ్రటి మరక పడితే, "కంపోజిటరుకు తెలుస్తది, నేను ఊరికె కూసోలేదని" అనేవారు. గంట గడిచినా, గల్లాపెట్టె దగ్గరి ఇరానీ సేఠ్ తల ఎత్తేవాడు కాదు. "చాయ్ సల్లారినా లేపరు బిడ్డా, గదే ఈ హోటలు గొప్ప" అన్నారు ఒకసారి. ఆ బల్ల చుట్టూ ఎవరు ప్రసిద్ధులో ఎవరు కారో నాకు తెలియదు, మా పెద్దనాన్న మాత్రం కారు. పత్రిక మీద ఆయన పేరు ఎప్పుడూ రాలేదు. కళాకారుల పేట అంటే అలాంటివాళ్లే ఎక్కువ మంది ఉండే చోటు. ఒక్క మఖ్దూంకు వెనక వందమంది ప్రూఫ్ రీడర్లు, అక్షరాలు పేర్చేవాళ్లు, బ్లాకులు చేసేవాళ్లు ఉంటారు.

పేరొచ్చినవాళ్లలో కూడా ఈ బతుకు బతికినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఇళ్లలో వంట చేశాడు, హోటల్లో సర్వరుగా పనిచేశాడు, ప్రూఫులు దిద్దాడు, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను తానే మోసుకుంటూ అమ్మాడు. చాయ్ తాగి మాట్లాడేవాళ్లనే నడకల్లో చూపిస్తారు, చాయ్ తెచ్చి ఇచ్చి ఆ తరువాత రచయిత అయినవాడిని కూడా చూపిస్తే ఈ ఊరి సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

చిత్రకారుల వైపు నుంచి చూసినా సుల్తాన్ బజారే తగులుతుంది. హిందీ సాహిత్య లోకంలో పేరు మోసిన కల్పన పత్రిక 1949 నుంచి హైదరాబాదులోనే వచ్చేది, బద్రీవిశాల్ పిత్తీ పోషణలో. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా ప్రోద్బలంతో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ రామాయణ చిత్రాలు వేసింది ఆ పిత్తీ ఆతిథ్యంలోనే. చీరల బేరం జరిగే బజార్లో హిందీ నవ్యకవితలు, హుస్సేన్ గీతలు, పక్కనే తెలుగు గ్రంథాలయం, పది నిమిషాల దూరంలో ఉర్దూ షాయరీ. వీళ్లంతా ఒకరినొకరు చదివారని నేను అనను, చాలామంది చదవలేదు. ఒకే వీధిలో నడిచారు, ఒకే హోటలుకు వచ్చారు. మూడు భాషలకు ఒకే బల్ల ఉండడం ఏ అకాడమీ చేయలేని పని.

ఇక్కడ మా అమ్మ అడ్డు తగులుతుంది. ఈ వ్యాసం సంగతి ఫోనులో చెబితే, "నువ్వు చెప్పే హోటల్లో నేనెప్పుడన్నా చాయ్ తాగిన్ననా?" అని అడిగింది. తాగలేదు. ఇరానీ హోటళ్లలో ఫ్యామిలీ రూము అని ఒక పక్కన చెక్క అడ్డం, దానికి తెర ఉండేవి. ఆడవాళ్లు వస్తే మొగవాళ్లతో వచ్చి, ఆ తెర వెనక బిర్యానీ తిని వెళ్లేవారు. ప్రూఫులు పరుచుకొని గంటలు గంటలు కూర్చోవడం వాళ్లకు లేదు. ఆ సందు సగం మందికే తెరుచుకుంది. ఆడవాళ్లకు దొరికిన సందులు వేరు: 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పెట్టిన బాలికల పాఠశాల, ఆంధ్ర యువతీ మండలి, ఇంట్లో మధ్యాహ్నం అందరూ పడుకున్న తరువాతి రెండు గంటలు. ఇల్లిందల సరస్వతీదేవి కథలు అలాంటి చోట్ల నుంచే వచ్చాయి, 1982లో సాహిత్య అకాడమీ పురస్కారం దాకా వెళ్లాయి. సరోజినీ నాయుడుకు సొంత వసారా ఉంది, అందరినీ తన దగ్గరికే పిలుచుకోగలిగింది. ఆ సౌకర్యం ఎందరికి ఉంటుంది? పాత హోటళ్ల మీద నాకున్న మమకారంలో ఈ లోపాన్ని దాచిపెట్టుకుంటూ వచ్చానని ఒప్పుకోవాలి. అయితే దీనివల్ల నా వాదం బలహీనపడదు, ఇంకా కచ్చితమవుతుంది. ఎవరికి కూర్చునే చోటు దొరికిందో వాళ్ల పేర్లే నడకల్లో వినిపిస్తున్నాయి.

ఈ మాటలే కొన్ని, మర్యాదగా, నడక ముగిసిన తరువాత మార్గదర్శితో అన్నాను. ఆ అబ్బాయి విని, "నిజమే అంకుల్, కానీ హోటలే లేదు కదా, ఏం చూపించమంటారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. రెసిడెన్సీ భవనాన్ని ఎంతో శ్రద్ధగా పునరుద్ధరించారు, దర్బారు హాలు చూస్తే కళ్లు చెదురుతాయి. మొజంజాహీ మార్కెట్ రాళ్ల మీద మసి పోయింది. 2017 నాటి వారసత్వ చట్టం భవనాన్ని కాపాడగలదు, ఆ భవనం కింది అంతస్తులో అర్ధరూపాయి చాయ్‌కు మూడు గంటలు కూర్చోనిచ్చిన అలవాటును ఏ చట్టం కాపాడుతుంది? మా పెద్దనాన్న కూర్చున్న మూలమీది హోటలు మూతపడడానికి కారణం చాయ్ తాగేవాళ్లు తగ్గడం కాదు. పాత అద్దెకు ఉన్న సేఠ్ పోయాడు, స్థలం పంపకాలకు వచ్చింది, రెండు వీధులు కలిసే ఆ మూల రోజంతా అమ్మే చాయ్ కంటే ఖరీదైపోయింది. బల్లలు త్వరగా ఖాళీ అయితేనే గిట్టుబాటయ్యే చోట కవిని భరించడం ఎవరి తరమూ కాదు. ఇవాళ కాఫీ షాపుల్లోనూ గంటలు కూర్చోనిస్తారు, నిజమే. ఆ కప్పు ఖరీదుతో మా పెద్దనాన్న వారమంతా చాయ్ తాగేవారు.

అయినా ఆ అబ్బాయి ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. ఆబిడ్స్‌లో 1935 నాటి గ్రాండ్ హోటలు ఇంకా నడుస్తోంది. గోల్డెన్ థ్రెషోల్డ్ దగ్గర ఇరవై నిమిషాలు తగ్గించి, అక్కడ అరగంట కూర్చోబెట్టవచ్చు. భాషా నిలయం ముందు నిలబెట్టి సంవత్సరం చెప్పే బదులు, పఠనమందిరం తెరిచి ఉండే వేళకు నడకను జరిపి, లోపల ఒక పావుగంట పేపరు చదవనివ్వవచ్చు. రెసిడెన్సీ బజారు హద్దు ఏ వీధి దగ్గర ఉండేదో పాత పటంలో చూసి, ఆ చోట ఒక్కసారి ఇటు నిలబెట్టి, మళ్లీ అటు నిలబెట్టి, "ఇక్కడ సభకు అనుమతి కావాలి, అక్కడ అక్కర్లేదు" అని చెబితే పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉందని తెలుసు: వారం వారం ఇరవై మంది గుడ్డ సంచులతో వచ్చి కూర్చుంటే ఆ హోటలు కూడా కొన్నాళ్లకు "కవులు కూర్చున్న బల్ల" అని బోర్డు పెట్టి ధర పెంచుతుంది. ఆ బోర్డు రాకముందే నేనొకసారి కూర్చుని రావాలి.

బస్టాపులో బల్ల దొరకక, ఎండ ముదరకముందే బ్యాంక్ స్ట్రీట్ మీదుగా వెనక్కి ఆబిడ్స్‌కు నడిచాను. ఆదివారం గనుక దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి, వాటి ముందు పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ప్రతి ఆదివారం చూస్తున్న దృశ్యమే, ఆ రోజు మాత్రం వేరుగా కనిపించింది. ఆ బజారు ఉన్నదే షట్టరు దించి ఉన్నందువల్ల. వారంలో ఆరు రోజులు దుకాణందారుది అయిన ఆ గజం స్థలం ఏడవ రోజు ఎవరిదీ కాదు. పుస్తకాలాయన ఒకాయన ఇంజనీరింగు గైడ్ల పక్కన తెలుగు మాసపత్రికల పాత బైండు పుస్తకాలు పేర్చుకొని ఉన్నాడు. నేను ఒకటి తీసి, వంగి చదువుతూ చాలాసేపే ఉన్నట్టున్నాను. "ఎంతసేపు వంగుతరు సార్, నడుం పడ్తది, కూసోండి" అని తన ప్లాస్టిక్ స్టూలు నా వైపు తోశాడు. కూర్చున్నాను. ధర అడిగితే, "మొత్తం సద్వుకోండి, అయినంక మాట్లాడుదాం" అన్నాడు.

పది నిమిషాలైందో లేదో, దుకాణం మనిషి తాళాల గుత్తితో వచ్చాడు. పండుగ సరుకు దింపాలట, ఒక షట్టరు ఎత్తాలట. మాటల్లేవు, వాదన లేదు. పుస్తకాలాయన కింద పరిచిన పట్టాను నాలుగు కొసలూ పట్టి పుస్తకాలతో సహా పక్క షట్టరు ముందుకు ఈడ్చాడు. నేను బైండు పుస్తకాన్ని చంకలో పెట్టుకొని, స్టూలుతో సహా ఆరడుగులు జరిగాను.